తలుపు మీద రెండు దెబ్బలు

మామగారికి టీ గ్లాసు కుడిచేతి వైపే పెట్టాలి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పని నియమం ఇది. కోడలు తనంతట తానే కనిపెట్టి, తనంతట తానే పాటిస్తోంది. ఎడమవైపు పెట్టిన గ్లాసులు వరసగా నేలపాలవుతుంటే ఏ ఇల్లాలైనా కనిపెడుతుంది మరి.

గ్లాసులంటే సరే, వంటింటి గుమ్మం సంగతో? ఏళ్ళ తరబడి అదే గుమ్మంలోంచి అటూ ఇటూ తిరిగిన మనిషి, ఈమధ్య ఎడమ భుజం దానికి తగిలినప్పుడల్లా "ఈ గుమ్మం పెట్టినవాడెవడో గానీ వాడికి కొలతలు రావు" అని వడ్రంగిని తిట్టిపోస్తున్నారు. ఇన్నాళ్ళూ సరిపోయిన గుమ్మం ఇప్పుడెందుకు ఇరుకైందో అడిగే ధైర్యం కోడలికి లేదు. అడిగితే ఆయన నిజం చెప్పేస్తారేమోనని ఆమె భయం. నిజం బయటపడితే వ్యాను ఆగిపోతుంది. వ్యాను ఆగితే కూతురి చదువు ఆగిపోతుంది.

మామగారు స్కూలు వ్యాను నడుపుతారు. ఒకప్పుడు కంపెనీ బస్సు నడిపేవారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఓ పాత వ్యాను కొని, చుట్టుపక్కల వీధుల పిల్లల్ని స్కూలుకి చేర్చి, తిరిగి ఇళ్ళకి చేరుస్తున్నారు. కొడుకు ఫర్నిచర్ షోరూములో సేల్స్‌మన్. ఆ జీతం ఇల్లు గడవడానికి బొటాబొటిగా సరిపోతుంది. అందుకే మనవరాలికి వెటర్నరీ కాలేజీలో సీటొచ్చినరోజు "ఫీజు సంగతి నాకొదిలెయ్యండి" అన్నారాయన. అన్నమాట ఇంతవరకూ తప్పలేదు. మనవరాలు మూడో సంవత్సరంలోకి వచ్చింది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా "డాక్టరమ్మా, నీ మొదటి పేషెంటు మీ నాన్నేనే. ఆ గురకకి మందేదో ముందు కనిపెట్టు" అని ఏడిపిస్తుంటారు.

వ్యానులో ఇదివరకు ఓ ఆయా ఉండేది. ఆవిడ కూతురి పురిటికని వెళ్ళి మరి రాలేదు.

"ఇంకో ఆయా ఎందుకు మామయ్యా, నేనొస్తాను. ఆ జీతం కూడా ఫీజులో కలుస్తుంది కదా" అంది కోడలు.

ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "సరేనమ్మా" అన్నారు. పైకి ఇంతే. లోపల ఇద్దరికీ తెలుసు, ఇది జీతం మిగుల్చుకునే ఏర్పాటు కాదని.

మొదటిరోజే ఎడమ సందులోంచి ఓ మోటారు సైకిలు దూసుకొచ్చింది. ఆమెకి నోరు పెగల్లేదు గానీ, చెయ్యి దానంతటదే తలుపు రేకు మీద ఠపీమని కొట్టింది. వెంటనే బ్రేకు పడింది. ఏమిటని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. మర్నాడు ఆటో అడ్డమొస్తే మళ్ళీ కొట్టింది. ఎవరో ముసలాయన రోడ్డు దాటుతుంటే కంగారులో రెండు దెబ్బలు పడ్డాయి. అప్పుడాయన మరింత గట్టిగా బ్రేకు తొక్కారు. అలా అలా ఒక దెబ్బంటే బండి, రెండు దెబ్బలంటే మనిషి అని కుదిరిపోయింది. కాపురానికొచ్చిన నాటినుంచి మామగారి ఎదుట గొంతు పెంచి ఎరగని మనిషి, ఇప్పుడు ఆయన బండి తలుపుని రోజూ చితకబాదుతోంది. ఆ విషయమై ఇద్దరి మధ్యా ఒక్క ముక్కా నడవలేదు.

నడవకపోతేనేం, ఆమె మాత్రం రోజూ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కూర్చుంటుంది. చివరి పిల్ల దిగి, వ్యాను మళ్ళీ ఇంటిముందు ఆగేదాకా ఆమెకి ఊపిరాడదు. దేవుడా, ఈ ఒక్క టర్మూ గట్టెక్కించు, ఆ తర్వాత నేనే చెప్పి మాన్పిస్తాను అని మొక్కుకుంటుంది. కిందటి టర్ములోనూ సరిగ్గా ఇదే మొక్కు మొక్కింది. దేవుడికి గుర్తుందో లేదో గానీ ఆమెకి గుర్తుంది.

ఆ ఉదయం టీ తాగుతూ కొడుకు మాట కదిపాడు.

"నాన్నా, కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. శుక్రవారం లోగా కట్టెయ్యాలిట. పోనీ ఈసారి బ్యాంకులో అడిగి చూడనా?"

"బ్యాంకెందుకురా? వ్యాను డబ్బులు ఎల్లుండికల్లా చేతికొస్తాయి. నేను స్టీరింగు పట్టుకున్నంతకాలం నా మనవరాలి కోసం ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు."

"అదీ నిజమే" అని కొడుకు నిశ్చింతగా షర్టు ఇస్త్రీ చేసుకోవడానికి లేచాడు. బరువు తండ్రి భుజం మీద ఉందని తెలిస్తే మనవాడికి నడక మహా తేలిగ్గా ఉంటుంది.

మనవరాలు జడ వేసుకుంటూ గదిలోంచి వచ్చింది. "తాతయ్యా, నన్నూ స్కూలు దాకా తీసుకెళ్ళు. ఆ పక్కనే పశువుల ఆస్పత్రి ఉందిగా, సెలవుల్లో నేర్చుకోడానికి రానిస్తారేమో కనుక్కుంటాను."

కోడలు గ్లాసులు తీస్తూ ఆగిపోయింది. "ఎండెక్కాక వెళ్ళవే. పిల్లలతో వ్యాను కిక్కిరిసిపోయి ఉంటుంది."

"ఒళ్ళో ఇద్దర్ని కూర్చోబెట్టుకుంటాలే అమ్మా. ఏం, నన్ను ఎక్కించుకుంటే ఛార్జీ అడుగుతారా?"

"డాక్టరమ్మకి ఫ్రీ" అంటూ మామగారు తాళాలు తీసుకున్నారు. ఇక కాదనడానికి కోడలికి దారి దొరకలేదు.

వ్యాను వీధి వీధీ తిరిగి పిల్లల్ని ఎక్కించుకుంది. ఒక ఇంటి ముందు ఎంత హారన్ కొట్టినా పిల్ల రాలేదు. కిటికీలోంచి తల్లి "ఇంకా లేవలేదు అంకుల్, మీరు వెళ్ళిపోండి, నేను దింపుతాను" అని కేకేసింది. కోడలు డ్రైవరుకి ఎడమపక్క, తలుపు దగ్గర సీటు అంచున కూర్చుంది. ఎప్పుడూ అంచునే కూర్చుంటుంది. ఈరోజు చెయ్యి కిందకి దించి, వీలైనంత మెల్లగా కొట్టాలని చూసింది. మెల్లగా కొడితే ఆయనకి వినపడదు, గట్టిగా కొడితే కూతురికి వినపడుతుంది. ప్రాణం మీదికొచ్చింది.

మెయిన్ రోడ్డు మీద ఓ లారీ పక్కకొచ్చింది. తప్పనిసరై ఒక్క దెబ్బ వేసింది.

"బండి!" అని వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఒక్కసారే అరిచారు.

"నేను ముందు!"

"కాదు, నేనే ముందు!"

కూతురు వాళ్ళవైపు తిరిగి నవ్వింది. "ఏంటర్రా ఆట?"

"తలుపాట అక్కా" అంది ముందు పళ్ళూడిన పాప. "ఆంటీ ఒకసారి కొడితే బండొస్తుంది. రెండుసార్లు కొడితే మనిషొస్తాడు. ఎవరు ముందు చెప్తే వాళ్ళు గెలిచినట్టు."

"ఆంటీ ఎందుకు కొడుతుంది?"

"తాత ఆ పక్క చూడడు కదా" అంది పాప, అంత పెద్దపిల్లకి ఆపాటి సంగతి తెలీకపోవడమేమిటన్నట్టు.

పిల్లలు అరుచుకుంటున్నారని కోడలు ఇన్నాళ్ళూ అనుకుంది గానీ, ఏమని అరుస్తున్నారో ఎప్పుడూ వినలేదు. ఆమె చూపంతా రోడ్డు మీదే, భయమంతా రోడ్డు మీదే. వెనక్కి తిరిగి కూతురి మొహంలోకి చూసింది. కూతురి నవ్వు సగంలో ఆగిపోయి ఉంది. ఆ మొహం చూస్తూ ఉండిపోయిన ఆ కాస్సేపట్లోనే వ్యాను స్కూలు గేటు వైపు తిరిగింది. ఆమె చెయ్యి తలుపు మీద లేదు.

కిందనుంచి ఇనుము విరిగిన చప్పుడు వినిపించింది. పిల్లలు ముందుకి తూలారు. ఆమె తలుపు తోసుకుని దూకింది. బంపరు కింద ఓ స్కూటీ నలిగిపోయి ఉంది. దాని అద్దం ముక్కలు రోడ్డంతా చిందాయి. రెండడుగుల అవతల ఓ తల్లి పిల్లని గట్టిగా పట్టుకుని నిలబడింది. ఉదయం కిటికీలోంచి కేకేసిన ఆవిడే. అప్పుడే పిల్లని స్కూటీ మీంచి దించింది. ఇంకాస్త నెమ్మదిగా దించి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి కోడలికి ధైర్యం చాలలేదు.

"అయ్యో అంకుల్, సారీ! తప్పు నాదే. గేటు పక్కన పెట్టకూడదని తెలిసి కూడా పెట్టాను. పొద్దున్నే మీకు ఇబ్బంది" అందావిడ, పిల్లని వదలకుండానే.

మామగారు ఆవిడకేసి చూశారు. ఏదో అనబోయారు. చివరికి తలూపి ఊరుకున్నారు.

పిల్లల్ని గేటులోకి పంపి, స్కూటీని పక్కకి లాగి, ముగ్గురూ అదే వ్యానులో ఇంటికొచ్చారు. కూతురు పశువుల ఆస్పత్రి ఊసే ఎత్తలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే చెప్పులు కూడా విప్పకుండా తండ్రి ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయన టిఫిన్ బాక్సు సర్దుకుంటున్నాడు.

"నాన్నా, తలుపాట తెలుసా నీకు?"

"అదేం ఆట?"

"ఒక దెబ్బంటే బండి. రెండు దెబ్బలంటే మనిషి. తాతయ్యకి ఎడమకన్ను కనపడదు. అమ్మ పక్కన కూర్చుని తలుపు బాదుతుంటే వ్యాను నడుస్తోంది. ఒకటో క్లాసు పిల్లలకి తెలుసు నాన్నా, నీకు తెలీదు. నాకూ తెలీదు."

కొడుకు చేతిలోని మూత కింద పడింది. "ఏం మాట్లాడుతున్నావే?"

"అమ్మనడుగు."

అందరూ కోడలి వైపు తిరిగారు. ఆమె చీరకొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది.

"నువ్వు కూడానా?" అన్నాడు భర్త. "నాకొక్క మాట చెప్పకుండా?"

"చెప్తే ఏం చేసేవారు మీరు?" ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆయన్ని మానమనేవారు. ఆ తర్వాత? దీని ఫీజెవరు కట్టేవారు? మీ జీతంలో కట్టేవారా? నేనేం నా నగలకోసం చేశానా? దీనికోసం కాదూ!"

"నామీద పెట్టకమ్మా!" కూతురు ఒక్క అరుపు అరిచింది. "నేనడిగానా? వ్యాను నిండా పిల్లల్ని పణంగా పెట్టి నన్ను చదివించమని నేను ఎప్పుడైనా అడిగానా? ఇవాళ ఆ పిల్ల దిగకపోయి ఉంటే నేను డాక్టర్నై ఏం చేసుకోను? ఏ మొహం పెట్టుకుని కుక్కపిల్లకైనా ఇంజెక్షన్ చెయ్యను?"

తల్లి చెయ్యి లేచింది. ఆ చెంప దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. కొట్టడానికి ఆమెకి ఏ హక్కూ మిగల్లేదు. కుర్చీలో కూలబడి మొహం కప్పుకుంది.

అప్పుడు నోరు విప్పారు మామగారు. గోడకానుకుని నిలబడే ఉన్నారాయన.

"కోడలినేమీ అనకండర్రా. మొదలుపెట్టింది నేను. కళ్ళ డాక్టరు ఎప్పుడో చెప్పాడు, ఎడమకన్ను పోయిందనీ, బండి నడపొద్దనీ. బయటికొచ్చాను, అదే బండెక్కి ఇంటికొచ్చాను. కన్ను పోయినందుకు భయం వెయ్యలేదురా నాకు. రేపట్నుంచి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి, మనవరాలికి ఇస్తానన్న మాట పోతుంది, అదీ నా భయం. అప్పుడీ అమ్మాయి వ్యానెక్కింది. తలుపు మీద మొదటి దెబ్బ పడగానే రూఢి అయింది, దీనికి తెలిసిపోయిందని. సిగ్గుపడాల్సింది పోయి ధైర్యం తెచ్చుకున్నాను. కోడలుంది కదా, ఇంక నాకేం అనుకున్నాను."

"నాకూ అంతే మామయ్యా" అంది కోడలు ఏడుస్తూనే. "మీకంత అనుభవముంది కదా అని నేను ధైర్యం తెచ్చుకున్నాను."

ఒకళ్ళని చూసుకుని ఒకళ్ళు. అలా రెండు భయాలు కలిసి ఒక ధైర్యంగా చలామణీ అయ్యాయి ఆ ఇంట్లో.

కొడుకు కింద పడ్డ మూత తీసి టేబులు మీద పెట్టాడు. "నాన్న చూసుకుంటున్నారు కదా అని నేను హాయిగా ఉన్నాను. నేనే చూసుకోవలసింది" అన్నాడు. ఎన్నాళ్ళనుంచో అనవలసిన మాట అది, కాస్త ఆలస్యంగానైనా అన్నాడు. "ఇవాళ షోరూముకి సెలవు పెడతాను. బ్యాంకుకి వెళ్ళొస్తాను. శుక్రవారానికి అందకపోతే గడువు అడుగుదాం. గడువివ్వకపోతే ఒక సంవత్సరం పోతుంది. పోనీ."

"పోనీ" అంది కూతురు కూడా. ఆ మాట అనేటప్పుడు దాని పెదవి వణికింది. తాతగారు అది చూశారు, చూసి మొహం తిప్పుకున్నారు.

ఆయన జేబులోంచి వ్యాను తాళాలు తీసి టేబులు మీద పెట్టారు. మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్ళకి చేర్చమని తన వెనకటి కంపెనీ డ్రైవరొకడికి ఫోన్ చేశారు. సాయంత్రం కాళ్ళు కడుక్కుని ఉతికిన చొక్కా వేసుకున్నారు.

"ఎక్కడికి నాన్నా?"

"అందరి ఇళ్ళకీ వెళ్తాను. చెప్పాలిగా."

"ఏం చెప్తావు? మానేశానని చెప్తే సరిపోతుంది కదా. ఒంట్లో బాగాలేదను. ఉన్నదంతా చెప్తే నలుగురిలో తలెత్తుకు తిరగలేం."

"వాళ్ళు పిల్లల్ని నా చేతిలో పెట్టార్రా" అన్నారాయన. అంతకుమించి వాదించలేదు.

"నేనూ వస్తాను మామయ్యా" అని కోడలు లేచింది. వాళ్ళు గేటు దాటాక కూతురు వెనకాలే కొంచెం దూరంలో నడవడం మొదలుపెట్టింది.

ఒక్కో ఇంటి తలుపు తట్టడం, నిలబడి చెప్పడం, విని నిలబడటం. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒకావిడ సగం వినేసరికే దడాలున తలుపేసింది. పళ్ళూడిన పాప వాళ్ళ నాన్న మాత్రం కుర్చీ వేసి కూర్చోమన్నాడు. ఆ మర్యాద భరించడం తిట్లకన్నా కష్టమైంది. ప్రతి ఇంటిలోనూ ఆయన అవే మాటలు చెప్పారు, ఒక్క ముక్క తగ్గించలేదు. కోడలు ప్రతిసారీ పక్కనే తల వంచుకుని నిలబడింది.

ఆఖరున స్కూటీ ఆవిడ ఇల్లు. ఆవిడ తలుపు తీసి నవ్వింది. "మీరెందుకొచ్చారు అంకుల్? స్కూటీ సంగతికైతే వదిలెయ్యండి, నేను బాగుచేయించుకుంటాను."

ఆయన చెప్పారు. వింటున్నకొద్దీ ఆవిడ మొహంలో నవ్వు వాడిపోయింది. లోపల్నుంచి పిల్ల పరుగెత్తుకొచ్చి తల్లి నడుం పట్టుకుంది. ఆవిడ వంగి పిల్లని ఎత్తుకుంది, మోయలేనంత పెద్దపిల్లనే.

"పొద్దున నేను మీకు సారీ చెప్పాను" అంది నెమ్మదిగా. "తప్పు నాదే అన్నాను. మీరు తలూపారు."

ఆయన చేతులు జోడించారు. గడ్డం మీంచి కన్నీళ్ళు చొక్కా మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆయన ఒక్కరే కాదమ్మా" అంది కోడలు. "నాకూ తెలుసు. తెలిసే ఎక్కాను. తెలిసే మీ పిల్లని చెయ్యి పట్టుకుని రోజూ వ్యానులోకి ఎక్కించాను."

ఆవిడ కోడలి కళ్ళలోకి సూటిగా చూసింది. తిడుతుందనుకుంది కోడలు. తిట్టి ఉంటే బాగుండేది.

"మీకు పిల్లలున్నారా?" అని అడిగిందావిడ.

కోడలు పిల్ల వీపు మీద బిగుసుకున్న ఆ చేతివేళ్ళనే చూస్తోంది. ఉదయం గేటు దగ్గరా ఇలాగే పట్టుకుంది. తనైనా ఇలాగే పట్టుకునేది. రోజూ వ్యాను నిండా ఎక్కినవాళ్ళందరూ ఇలా ఎవరో ఒకరి చేతుల్లోంచి దిగి వచ్చినవాళ్ళే. వాళ్ళందరినీ ఎక్కించుకుని, ఇన్నాళ్ళూ తను ఒక్కదానికే తల్లిగా ఉంది.

"ఒక కూతురమ్మా" అంది, అని భోరున ఏడ్చింది. వీధిలో ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోలేదు.

గేటు దగ్గర ఆగిపోయిన కూతురు గబగబా మెట్లెక్కి వచ్చింది. తల్లిని దగ్గరికి తీసుకుని, ఆవిడ వైపు తిరిగి "ఆ కూతుర్ని నేనేనండీ. నా ఫీజు కోసమే చేశారు. నన్ను కూడా క్షమించండి" అంది.

ఆవిడ క్షమించానని అనలేదు, తలుపూ వెయ్యలేదు. చంకలో పిల్ల బరువెక్కుతున్నా దించలేదు. చివరికి "చీకటి పడుతోంది. పెద్దాయన్ని మెట్లమీద జాగ్రత్తగా దించండి" అంది.

కూతురు ఒక చేత్తో తాతయ్యనీ, ఇంకో చేత్తో తల్లినీ పట్టుకుని మెట్లు దిగింది.